ఆ రోజు ఫోన్ల అమ్మ ఏమన్నది

గంగ వదినె పోయిన వారం మా ఇంటికి వచ్చి మూడు రోజులు ఉండి వెళ్లింది. వదినె అంటే మా ఆయనకు సొంత అక్క. డెబ్బై దాటాయి. మోకాళ్లు పట్టుకుంటే గానీ లేవలేదు. అయినా కూతురిని వెంటబెట్టుకుని ఊరి నుంచి బస్సెక్కి బొంబాయి పక్కనున్న మా భివండికి వచ్చింది. ఇప్పుడు మేముండేది వరాలా తలావ్ చెరువు దగ్గర, రెండు గదుల ఇల్లు. వదినె పొద్దంతా మా ఆయన పక్కన మంచం మీద కూర్చుని ఆయన చెయ్యి తన ఒడిలో పెట్టుకుని ఉండేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకున్నదేమీ లేదు. ఆమె ఏదో అంటుంది, ఆయన నవ్వుతాడు, అంతే. ఆమె వెళ్లిన దగ్గర్నించి నాకు ఏ పనీ చేతికి రావడం లేదు. కొత్తగా పెళ్లయి పద్మనగర్ ఖోలీలో కాపురం పెట్టిన ఆ మొదటి నాలుగైదేళ్లే కళ్లముందు తిరుగుతున్నాయి. నాకూ వదినెకూ తప్ప ఎవరికీ తెలియని సంగతి ఒకటి అందులో ఉంది. ఇప్పుడైనా రాసి పెట్టకపోతే మాతోనే పోతుంది.

ఖోలీ అంటే ఒకటే గది. తలుపు తీస్తే సందు, వెనక గోడకు ఆనుకుని కార్ఖానా. ఆ గోడ అవతల పొద్దూ మాపూ సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడుస్తుండేవి. అరమీద బోర్లించిన గిన్నెలు సన్నగా వణుకుతూ ఉండేవి. బిందెలో నీళ్ల మీద ఎప్పుడూ చిన్న చిన్న వలయాలు కనబడేవి. మా ఊళ్లో మగ్గం చప్పుడు వింటూ పెరిగినదాన్నే నేను, కానీ అది మనిషి కాలితో చేతితో చేసే చప్పుడు, మనిషి అలిసిపోతే ఆగేది. ఇది ఆగదు. మొదటి పది రోజులు నాకు తల తిరిగి అన్నం సయించలేదు. తర్వాత ఒక శుక్రవారం సుట్టీ రోజు కార్ఖానా బంద్ అయితే, ఆ నిశ్శబ్దానికి భయమేసి బయటకు పరుగెత్తాను. పక్క ఖోలీ సుమన్‌బాయి అనే మరాఠీ ఆమె నన్ను చూసి పడీపడీ నవ్వింది.

పెళ్లినాటికి మా ఆయన అక్కడ పన్నెండేళ్లుగా సాంచెలు నడుపుతున్నాడు. పదిహేడేళ్లప్పుడు ఊరు విడిచి వచ్చాడట. మాటకారి కాదు, తాగుడు లేదు, కొట్టడం తిట్టడం లేదు. అలాంటి మనిషి దొరికాడని అందరూ నా అదృష్టాన్ని మెచ్చుకునేవాళ్లు. నేను మాత్రం లోలోపల కుమిలిపోయేదాన్ని. ఎందుకంటే నేను మాట్లాడితే ఆయన పలికేవాడు కాదు. స్టవ్ దగ్గర కూర్చుని, "కూరల ఉప్పు సాలిందా?" అంటాను. జవాబుండదు. "రేపు బియ్యం తేవాలె" అంటాను. గోడకు చెప్పినట్టే. ఎదురుగా నిలబడి అడిగితే మాత్రం చక్కగా చెబుతాడు, అదీ సందు చివరిదాకా వినిపించేంత గట్టిగా. పందొమ్మిదేళ్ల పిల్లను, నాకేం తెలుసు? నేనంటే ఇష్టం లేదనుకున్నాను. ఎవరో మనసులో ఉన్నారనుకున్నాను. ఉల్లిగడ్డ కోసే వంకతో ఎన్ని రోజులు ఏడ్చానో లెక్కలేదు.

అయితే ఇష్టం లేనివాడు చేసే పనులు కావు ఆయనవి. అదే నాకు అర్థమయ్యేది కాదు. పొద్దున డ్యూటీ దిగి వచ్చి, ఒంటినిండా దూది అంటుకుని ఉండగానే నా చేతిలోంచి పిండి గిన్నె లాక్కుని తానే సర్వపిండి తట్టేవాడు. పెళ్లికి ముందు ఒంటరిగా ఉన్నన్నాళ్లు ఖానావళి తిండి నచ్చక వంట నేర్చుకున్నాడట. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, కరివేపాకు, ఎండుకారం వేసి, గిన్నె లోపల అడుగంతా పల్చగా పరిచి, వేలితో బొక్కలు పొడిచి, ఒక్కో బొక్కలో చుక్క నూనె వేసేవాడు. నేను చేస్తే అంచులు మాడేవి, నడుమ పచ్చిగా ఉండేది. ఎండబెట్టిన బొంబిల్ చేపలు మా ఊరివాళ్లం ఎరగం. వాటిని కాల్చి, చింతపండు పులుసులో వేసి, ఊరి వంటకు ఇక్కడి చేపను కలిపి ఆయన చేసిన పులుసు నేను ఇవాళ్టికీ అలా చేయలేను. చేసి, వడ్డించి, నేను తింటుంటే నా మొహం వైపే చూస్తూ కూర్చునేవాడు. ప్రేమతో చూస్తున్నాడని సిగ్గుపడేదాన్ని. ఆయన చూసేది నా పెదవులనని చాలా రోజులకు గానీ తెలియలేదు.

తెలిసింది కుక్కపిల్ల వల్ల. ఒక వానాకాలం పొద్దున ఆయన నూలు కండెల గంపలో చింకి గుడ్డల మధ్య పెట్టి ఒక గోధుమరంగు పిల్లను తెచ్చాడు. తల్లి టెంపో కింద పడి చచ్చిందట. గంపలో కండెల మధ్య వచ్చింది కదా అని దానికి 'కండె' అనే పేరు పెట్టాడు. ఒకే గదిలో కుక్కేమిటని నేను సణిగాను గానీ రెండు రోజుల్లో అది నా చీర కుచ్చెళ్లలోనే పడుకోవడం మొదలుపెట్టింది. సుమన్‌బాయి పిల్లి ఒకటి మా గడప దాటి వచ్చి దాని పాలు తాగిపోయేది. దాన్ని చూసి కండె మూలకు జరిగి కూర్చునేది, అంత పిరికిది. ఒక శుక్రవారం నేను నల్లా దగ్గర లైన్లో నిలబడి నీళ్లు పట్టుకుని వచ్చేసరికి సందులోకే కుక్కపిల్ల ఏడుపు వినబడుతోంది. పరుగున వచ్చాను. అది పిండి డబ్బా వెనకాల పడి, దానికీ గోడకూ మధ్య ఇరుక్కుని, గొంతు పోయేటట్టు అరుస్తోంది. దానికి జానెడు దూరంలో మా ఆయన వీపు తిప్పి కూర్చుని ప్రశాంతంగా చాయ్ తాగుతున్నాడు.

బిందె దించడం కూడా మరిచిపోయి అలా నిలబడ్డాను. నన్ను చూసి, నా మొహం చూసి ఆయన వెనక్కి తిరిగాడు. డబ్బా జరిపి పిల్లను తీసి రొమ్ముకు అదుముకున్నాడు. అది ఇంకా అరుస్తూనే ఉంది. ఎదురుగా నిలబడి అడిగాను, "నీకు ఇనబడ్తలేదా?"

ఆయన తల వంచుకున్నాడు. "దగ్గరికొచ్చి గట్టిగ మాట్లాడితే కొంచెం ఇనబడ్తది. సన్నగ మాట్లాడితే ఇనబడది."

"ఎన్నాళ్ల సంది?"

"ఏమో. నాలుగైదేండ్లాయె. కార్ఖానాల అందరికి గట్లనే ఉంటది. మేమందరం చేతులతోనే మాట్లాడుకుంటం." ఆగి, "మీ నాయినకు చెప్తవా?" అని అడిగాడు. చెవిటివాడని తెలిస్తే నన్ను పుట్టింటికి తీసుకుపోతారని భయం. నాకైతే, చెబితే పాపం అనుకుంటారేమో గానీ, అప్పుడు గుండెలోంచి ఒక పెద్ద రాయి దిగిపోయింది. ఆయనకు నేనంటే ఇష్టం లేక కాదు. ఆ పూట నేను సంతోషంతోనే ఏడ్చాను. దాని అసలు బరువు ఎంతో నాకు తెలియదు అప్పటికి.

తర్వాత ఇద్దరం కలిసి కళ్యాణ్‌లో ఒక చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాం. నరం దెబ్బతిన్నది, పోయింది తిరిగిరాదు, ఉన్నది నిలవాలంటే చప్పుడుకు దూరంగా ఉండాలి అన్నాడు. నేను ఆ మాట ఆయనకు ఎదురుగా కూర్చుని చెప్పాను. "సప్పుడు లేకుంట సాంచె నడుస్తదా?" అని నవ్వాడు. ఇంకేం పని చేస్తాడు? చదువు ఏడో తరగతి. చేతికి తెలిసింది నేత ఒక్కటే. చెవుల్లో దూది ఉండలు పెట్టుకుని మర్నాడు మళ్లీ అదే కార్ఖానాకు వెళ్లాడు. నేను గోడకు ఇవతల కూర్చుని ఆ చప్పుడు వింటూ, ఒక్కో దెబ్బకు ఆయన చెవి ఇంకాస్త పోతోందని తెలిసి, ఏమీ చేయలేక బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ ఉండేదాన్ని. ఏడాది తిరిగేసరికి గట్టిగా అరిచినా అందడం మానేసింది.

ఆ సుట్టీ రోజులే మాకు పండగలు. ఆయన విరిగిన చెక్కముక్కలతో మూరెడు చట్రం ఒకటి చేసి గోడకు బిగించాడు. మిగిలిపోయిన రంగుల నూలుతో దాని మీద పట్టీలు నేసేవాడు. చేసంచికి పట్టీ, లంగాకు అంచు, కండె మెడకు ఎర్ర అంచున్న పట్టా. చిన్నప్పుడు నాయిన పక్కన గుంట మగ్గం మీద కూర్చుని నేర్చుకున్న నేత అది. కార్ఖానాలో గజాలకు గజాలు గుడ్డ దిగేది గానీ దాన్ని ఆయన ఎప్పుడూ తాను నేసింది అనలేదు. ఈ బెత్తెడు పట్టీని మాత్రం వేలితో నిమిరి నిమిరి చూసుకునేవాడు. నేను సుమన్‌బాయి దగ్గర బొంత కుట్టడం నేర్చుకున్నాను. కార్ఖానాల్లో పారేసే చిందీ గుడ్డముక్కలు ఏరి తెచ్చి, ఉతికి, ఒకదాని మీద ఒకటి పరిచి, అంచు నుంచి లోపలికి చదరంగా కుట్టుకుంటూ రావాలి. ఇద్దరం చెరో మూల కూర్చుని పని చేసుకునేవాళ్లం. ఆయనతో మాట్లాడాలంటే ఒక చిందీ ముక్క ఉండచుట్టి ఆయన వీపు మీదికి విసిరేదాన్ని. తిరిగి చూసేవాడు. అప్పుడు చెప్పేదాన్ని. కండె కూడా నేర్చుకుంది. ఎవరైనా తలుపు కొడితే మొరగదు, వెళ్లి ఆయన లుంగీ అంచు పట్టి గుంజుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆయన నా దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. "అమ్మకు చెప్పకు." భివండికి పోవద్దని అత్తమ్మ కాళ్లావేళ్లా పడిందట ఆ రోజుల్లో. మగ్గం మీదనే గంజి తాగుదాం కొడుకా అన్నదట. విని ఉంటే ఈ చెవులు పోయేవి కావని ఆమె ఏడుస్తుంది, అది ఆయన భయం. అత్తమ్మ ఊళ్లో గంగ వదినె దగ్గర ఉండేది. నెలకోసారి పోస్టాఫీసుకు వచ్చి మా సందు చివర కిరాణా షాపుకు ఫోన్ చేయించేది. షాపతను మనిషిని పంపితే మేమిద్దరం పరుగెత్తేవాళ్లం. ఫోను నేనెత్తేదాన్ని. అత్తమ్మ చెప్పింది విని, నోరు కదిపి ఆయనకు చెప్పేదాన్ని, ఆయన చెప్పాల్సింది ఫోన్లో చెప్పేవాడు. అత్తమ్మకు ఇది నచ్చేది కాదు. "ఎప్పుడు సూడు నువ్వే ఎత్తుతవేందే సరోజా? నా కొడుకు నోరు కట్టేసినవా? వానికియ్యి" అనేది. ఒట్టు వేసినదాన్ని, ఏం చెప్పను? ఊరంతా నేను మొగుణ్ని కొంగుకు కట్టుకున్నదాన్నని చెప్పుకున్నారు. పడ్డాను.

ఒక శుక్రవారం సుమన్‌బాయి చెల్లెలి బిడ్డకు బారసాల. చెల్లెలిది కాశేలి. ఆ పసిబిడ్డకని నేను చిన్న బొంత కుట్టాను, నా చేతులారా కుట్టి ఒకరికిచ్చిన మొదటి బొంత. నువ్వూ రా అని సుమన్‌బాయి ఒకటే పోరు. మా ఆయన కూడా, "పోయి రా, ఇంట్ల ఎన్నడు సూడు గీ గోడలేనాయె" అన్నాడు. వెళ్లాను. ఖాడీ అనే సముద్రపు పాయ మీది నుంచి వచ్చే గాలి, పెరట్లో ముగ్గులు, పూరన్ పోళీ భోజనం. నా బొంత ఆడవాళ్ల చేతుల్లో ఒకరి నుంచి ఒకరికి తిరిగింది, కుట్టు చూసి మెచ్చుకున్నారు. ఇంత సంతోషంగా నేను భివండిలో ఎన్నడూ లేను. పొద్దు వాలే వేళకు తిరిగొచ్చాను.

"అమ్మ ఫోన్ చేసింది" అన్నాడు ఆయన, గడపలోనే. మొహం వెలిగిపోతోంది.

"నువ్వు మాట్లాడినవా?"

"మాట్లాడిన. బాగున్నదట. బాగున్నరా అని అడిగింది. మంచిదే అన్న."

నాకు తెలుసు ఆయనకు ఫోన్లో ఒక్క ముక్క కూడా వినిపించదని. ఆయనకూ తెలుసు నాకు తెలుసని. కానీ కొడుకు అమ్మతో తానొక్కడే మాట్లాడి వచ్చిన ఆ మొహం చూసి, 'నీకేం ఇనబడ్డది గనుక' అని అడగడానికి నాకు నోరు రాలేదు. షాపుకు వెళ్లి తిరిగి ఫోన్ చేయవచ్చు. కానీ ఈ వేళకు పోస్టాఫీసు మూసి ఉంటుంది, వచ్చే నెల ఎలాగూ చేస్తుంది కదా అనుకున్నాను. ఈ అనుకోవడాన్ని ఎన్నిసార్లు మళ్లీ మళ్లీ అనుకున్నానో, ఎన్నిసార్లు ఆ సాయంత్రం షాపు దాకా మనసులో నడిచి వెళ్లానో.

ఆరో రోజు ఫోన్ వచ్చింది. అత్తమ్మ పోయింది. మేము బస్సు పట్టుకుని చేరేసరికి దహనం కూడా అయిపోయింది. వాకిట్లో చుట్టాలు కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూడగానే గంగ వదినె లేచి వచ్చింది. వచ్చి తమ్ముడి అంగీ పట్టుకుంది.

"అడిగింది గదరా నిన్ను! నా పానం బాగలేదు కొడుకా, ఒక్కపారి వచ్చిపో, నిన్ను సూసి పోత అని కండ్ల నీళ్లు తీసుకుంట అడిగింది. నేను పక్కనే ఉన్న. నువ్వేమన్నవ్? మంచిదేనమ్మా, మంచిదే, గట్లనే అన్నవ్! వస్త అన్నడే అని ఐదు రోజులు అరుగు మీదనే కూసున్నది. లోపటికి రమ్మంటే రాలే. ప్రతి బస్సుకు లేసి సూసింది. గట్లనే అని నోటితోని అని ఎట్ల రాకుంట ఉన్నవురా? నీకు మనసెట్ల ఒప్పింది?"

చుట్టాలంతా ఆయన్నే చూస్తున్నారు. ఆయనకు ఒక్క మాట వినబడలేదు. వదినె ఏడుస్తూ, తల కొట్టుకుంటూ, మొహం పక్కకు తిప్పుకుంటూ అంటోంది, పెదవులు పట్టుకోవడం కుదరలేదు. అమ్మ పోయిన దుఃఖంలో అక్క ఏడుస్తోందనుకున్నాడు. ఆయన కూడా ఏడుస్తూ, "అవునక్కా, అవును" అని తల ఊపాడు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతిని విసిరికొట్టింది. అప్పుడు బిత్తరపోయి నా వైపు చూశాడు. ఏమైంది, ఏమంటున్నది అని కళ్లతో అడిగాడు. అందరూ చూస్తుండగా నేను నోరు కదిపాను, "అమ్మను తల్సుకొని ఏడుస్తున్నది."

ఇక ఒట్టు లేదు ఏం లేదనుకుని వదినెను ఇంటి వెనక్కి లాక్కుపోయాను. చెప్పాను. చెవుల సంగతి, డాక్టరు సంగతి, ఫోను నేనే ఎందుకు ఎత్తేదాన్నో అంతా. వదినె మొదట నమ్మలేదు. గోడ చాటు నుంచి తమ్ముడి వెనక నిలబడి గొంతెత్తి పేరు పెట్టి పిలిచింది, "రాజేశం!" వాకిట్లో అందరూ తిరిగారు. ఆయన తిరగలేదు. వదినె అక్కడే కూలబడింది. నా చెయ్యి పట్టుకుని, "అమ్మ ఏమన్నదో వానికి తెలుసా?" అంది. తెలియదన్నాను. "తెల్వనియ్యకు సరోజా. బతకడు" అంది.

భివండి తిరిగి వచ్చాక ఒక మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చుని, ఆయనే అడిగాడు. "నాకు ఆ రోజు ఏం ఇనబడలే సరోజా. అమ్మ గొంతు కూడ ఇనబడలే. ఊకే మంచిదే మంచిదే అన్న. ఆ రోజు ఫోన్ల అమ్మ ఏమన్నది? అక్కను అడిగినవా?"

ఆయన కళ్లు నా పెదవుల మీద ఉన్నాయి. చెవులు వినేవాళ్లకు అబద్ధం చెప్పడం సులువు, మొహం తిప్పుకోవచ్చు. నేను తిప్పుకోలేను. "తిన్నవా కొడుకా అన్నదట" అన్నాను.

"నేనేమన్న?"

"మంచిదే అన్నవట."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. "తిన్నవా అంటే మంచిదే అన్ననా! అమ్మ ఏమనుకున్నదో, నా కొడుకు తిక్కలోడయిండనుకున్నది కావచ్చు." నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి, ఆ నీళ్లు ఏడుపయ్యాయి. కండె వచ్చి ఆయన మోకాలి మీద తల పెట్టింది. నేను కూర వడ్డించాను. తర్వాత కొన్నేళ్లపాటు కొత్తగా ఎవరు ఇంటికి వచ్చినా ఈ ముచ్చట చెప్పి నవ్వించేవాడు, మా అమ్మ తిన్నవా అంటే నేను మంచిదే అన్న అని. వాళ్లతో పాటు నేనూ నవ్వాల్సి వచ్చేది.

ఇప్పుడు కండె లేదు, ఆ కార్ఖానా లేదు, దాని జాగాలో బిల్డింగు లేచింది. మా బిడ్డ ఫోన్లో మొహం చూపిస్తూ నెమ్మదిగా పెదవులు కదిపి నాయినతో మాట్లాడుతుంది, చేతులతో సైగలు చేస్తుంది. ఆయన చక్కగా జవాబిస్తాడు. ఆ రోజుల్లో ఇది ఒక్కటి ఉంటే అనుకుంటాను. బిడ్డ చెవి మిషను కూడా కొనిచ్చింది. పెట్టుకుంటే అంతా ఒకటే గోల, మాట మాత్రం తెలియదని నాలుగు రోజులకు తీసేశాడు. డాక్టరుకు చూపిస్తే, ముందే తేవాల్సింది అన్నాడు. ముందు ఎక్కడి నుంచి తెచ్చేవాళ్లం?

మొన్న వదినె వెళ్లే రోజు, కింద రిక్షా వచ్చి నిలబడింది. మా ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వదినె చెప్పులు వేసుకుంటూ, నా వైపు తిరిగి అడిగింది, "చెప్పినవా వానికి ఎన్నడన్న?"

"లేదు వదినె."

"నేను మల్ల రాను. మోకాళ్లు రానియ్యవు. చెప్పాల్నా, చెప్పద్దా? మనిద్దరం పోతే అమ్మ అడిగిన మాట ఇగ లేనట్టేగదే."

గడప దగ్గర ఇద్దరం ఒకరి చేతులొకరం పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాం. మా ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కుర్చీలోంచి లేచి వచ్చి, తన గట్టి గొంతుతో, మెట్ల మీదివాళ్లకు కూడా వినబడేటట్టు, "ఏందక్కా, చిన్నపోరగాండ్ల లెక్క ఏడుస్తున్నరు? ఊరికి పోతున్నవనా? మల్ల వస్తవు తియ్" అన్నాడు.

ఇద్దరం తల ఊపాం.